పౌర్ణమి తర్వాతి నీళ్ళు

ఆ ఆషాఢంలో నేనెంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పెళ్ళయిన ఇరవై రెండో రోజుకి ఆషాఢం వచ్చేసింది. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల ఒకే గడప దాటకూడదు కాబట్టి నన్ను నంద్యాల పంపించాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడ ఎప్పుడుందో ఎవరూ చెప్పలేకపోయారు. విమానం టికెట్టు చూసి మా అత్తగారు ఫోను బోర్లా పెట్టేశారు. "గడప వేరైతే చాలు, సముద్రం దాటక్కర్లేదు" అని తీర్పు చెప్పి, నన్నూ నా పెట్టెనీ సిప్పీఘాట్‌లో ఉన్న మా పెదమావయ్యగారింటికి పంపించారు. పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో పుట్టిల్లు!

పెళ్ళికొడుకు కూడా ఆ నెల అక్కడ గడప తొక్కకూడదన్నది రెండో షరతు. దానికి మా ఆయన గిరిధర్ ఉపాయం కనిపెట్టారు. ఆయన పని చేసేది కరెంటాఫీసులో. రెండు రోజులకోసారి సిప్పీఘాట్ లైను చూసి వస్తానని బయల్దేరి, గుమ్మం బయట బల్ల మీద కూర్చుని టీ తాగేవారు. గడపకి అవతల ఆయన, ఇవతల నేను. "మనిద్దరి మధ్యా పొటెన్షియల్ డిఫరెన్స్ పెరిగిపోతోంది హేమా, ఎక్కడో నిప్పురవ్వ లేస్తుంది" అనేవారు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆ ఒక్క మాటకి నాకు రోజంతా నవ్వొచ్చేది.

ఆ రోజుల్లో నాకు అన్నీ బాగుండేవి. రేకుల మీద వాన జోరందుకుంటే శబ్దం ఎలా మారుతుందో వినడం బాగుండేది. కుక్కరు కూత కొండకి తగిలి వెనక్కి రావడం బాగుండేది. సగం కొబ్బరి చిప్పని కాలవలో వదిలి, సుడిలో అది ఎటు తిరుగుతుందో చూస్తూ పొయ్యి మీద పప్పు మాడబెట్టాను. పెదమావయ్య మాడిన పప్పు తింటూ "ఏవైంది తల్లీ, ప్రయోగమా?" అని మాత్రం అడిగారు.

పెదమావయ్య వెంకటసుబ్బయ్యగారు మా మావగారి అన్నగారు, రిటైరైన హిందీ మాస్టారు. పెద్దత్తయ్య పోయి ఆరేళ్ళు. కూతురు అరుణకుమారి వదిన రంగత్‌లో టీచరు. ఆయనకి ఇంటి వెనక అరెకరం పొలం ఉంది. నిజానికి ఆయన జీవితమంతా ఆ అరెకరమే. సునామీ వచ్చిన పొద్దున, నీళ్ళు రాకముందే భూకంపానికి అక్కడ నేల మీటరు దాకా దిగిపోయిందిట. వచ్చిన కెరటం వెనక్కి పోయింది గానీ దిగిన నేల మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి రోజుకి రెండుసార్లు సముద్రం వరిచేలోకి వచ్చి నిలబడేది. కొన్నేళ్ళ తర్వాత చుట్టూ మట్టికట్ట వేసి, కట్టలో ఒక తూము పెట్టించారు. తూముకి ఒక చెక్క పలక. సముద్రం దిగినప్పుడు పలక ఎత్తితే చేలో ఉన్న వాననీరు బయటికి పోతుంది. సముద్రం ఎక్కేలోపు పలక దించేస్తే ఉప్పునీరు లోపలికి రాదు. ప్రతి వానాకాలం నీళ్ళు నింపడం, వదలడం, మళ్ళీ నింపడం. ఆయన నేలలోని ఉప్పుని బట్టలు జాడించినట్టు జాడిస్తూ వచ్చారు. మధ్యలో రెండుసార్లు వరి వేశారు, రెండుసార్లూ మాడిపోయింది.

ఈ ఏడు మట్టి పరీక్ష చేసినవాళ్ళు "వేసి చూడండి" అన్నారట. రంగత్ నుంచి కూతురి చేత విత్తనాలు తెప్పించి, తూముకి దగ్గరలో నారుమడి పోశారు. నేను వెళ్ళేసరికి నారు వేలెడెత్తు పెరిగి, గాలి వీస్తే ఒకేసారి ఒక పక్కకి వాలుతోంది.

"డెబ్బై రెండొచ్చాయమ్మా. ఇంకో ఇరవై ఏళ్ళు కడగలేను. ఈ చేలో పండిన గింజ ఒక్కసారి ఉడికి నా కంచంలో పడితే చాలు" అన్నారు, ఏదో మామూలు మాట చెప్పినట్టే.

పక్కింటి ఏలీయా ఆయనకి కుడిచెయ్యి. వడ్రంగం పని చేస్తాడు, డోంగీ వేసుకుని చేపలకి కూడా పోతాడు. తాతలది శ్రీకాకుళం వైపు. తెలుగు చదవలేడు కానీ ఒక వాక్యంలో తెలుగూ హిందీ కలిపి గలగలా మాట్లాడతాడు. మొదటిరోజే నన్ను చూసి, "ఏటి దీదీ, ఆషాఢం జైలా? గిరిధర్ భయ్యా బెయిల్ తెచ్చాడా లేదా?" అని ఆటపట్టించాడు. అతని భార్య జ్ఞానవతి రోజూ నాకోసం ఏదో ఒక కూర పంపేది.

పౌర్ణమికి నాలుగు రోజుల ముందు అందరి ఫోన్లలోకీ ఒక వీడియో వచ్చింది. సూపర్‌మూన్ వస్తోందనీ, చంద్రుడు దగ్గరికి వచ్చి భూమిని లాగుతాడనీ, అండమాన్‌లో మళ్ళీ సునామీ తప్పదనీ ఒకాయన కళ్ళు పెద్దవి చేసి చెప్తున్నాడు. టీవీలో కూడా ఎర్ర అక్షరాలు పరుగెత్తాయి. జ్ఞానవతి సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ సంచిలో కట్టి గుమ్మం దగ్గర పెట్టుకుంది. వీధిలో ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు కూడా అదే పని చేశారు.

నాకు పట్టరాని ఉత్సాహం వచ్చింది. మూడేళ్ళ చదువుకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది! అరటిపండు, కమలాపండు, ఒక గోళీకాయ తీసుకుని పెదమావయ్య వరండాలో క్లాసు పెట్టాను. చంద్రుడు దగ్గరికి రావడమంటే ఎంత, దానివల్ల సముద్రం ఎంత లేస్తుంది, భూమి లోపలి పలకలు జరగడానికీ దీనికీ ఎంత దూరం, అన్నీ చెప్పాను. సునామీ రావాలంటే సముద్రం అడుగున నేల కదలాలి, ఇది ఉత్త ఆటూ పోటూ, కాకపోతే కొంచెం పెద్దవి అన్నాను. చివర్లో భూమిని ఒలిచి అందరికీ తలో తొన పెట్టాను. జ్ఞానవతి ఇంటికెళ్ళి సంచి విప్పేసింది. ఏలీయా చప్పట్లు కొట్టాడు. "మాస్టర్‌జీ, మీ బహూ ముందు టీవీవాడు జీరో!"

మర్నాడు పెదమావయ్య పాలవాడికి కూడా "మా కోడలు ఫిజిక్సు" అని చెప్తుంటే విన్నాను.

నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఇప్పటికీ వెతుకుతుంటాను, ఒక్క తప్పయినా దొరికితే బాగుండునని.

పౌర్ణమి రోజు పొద్దున్నే అరుణకుమారి వదిన అత్తగారు జారిపడ్డారని రంగత్ నుంచి ఫోనొచ్చింది. పెదమావయ్య బస్సుకి బయల్దేరుతూ నాకు పని అప్పజెప్పారు. "రెండు రోజుల్లో వచ్చేస్తాను. తూము పలక నువ్వు చూసుకోగలవు. నీళ్ళు దిగాక ఎత్తు, ఎక్కకముందే దించు. పెద్ద నీళ్ళు ఎప్పుడో ఏలీయా చెప్తాడు. ఆ రోజు మాత్రం పలక ముట్టుకోకు, దించే ఉంచు. వాడు చెప్పినట్టు చెయ్యి."

పౌర్ణమి కదా అని ఆ రోజంతా పలక దించే ఉంచాను. నీళ్ళు బాగానే ఎక్కాయి, కట్ట మునగడానికి ఇంకా జానెడు మిగిలింది. సాయంత్రం మబ్బులు పది నిమిషాలు విడిపోయి, కొండ మీద ఇంత పెద్ద చంద్రుడు కనిపించాడు. వరండాలో గెంతాను. గిరిధర్‌కి వీడియో కాల్ చేసి చంద్రుణ్ణి చూపించబోతే "అక్కడా ఇక్కడా ఒకడే చంద్రుడు, నీ మొహం చూపించు" అన్నారు. పెద్ద నీళ్ళు వచ్చి వెళ్ళిపోయాయని మనసులో లెక్క రాసుకున్నాను. పౌర్ణమి నాడు సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి అప్పుడే సముద్రం అన్నిటికన్నా ఎక్కువ లేస్తుంది. పుస్తకంలో అలాగే ఉంది. బొమ్మ కూడా ఉంది.

మర్నాడు పొద్దున ఏలీయా తుష్నాబాద్‌లో పనికి పోతూ, సైకిల్ దిగకుండానే కంచె మీంచి కేకేశాడు.

"దీదీ! కల్ బడా పానీ!"

"ఆఁ, తెలుసు తెలుసు!" అన్నాను.

"పక్కా తెలుసు గదా? చూస్కో మరి!"

"నేను చెప్పిన క్లాసు నాకే చెప్తున్నావా ఏలీయా?"

అతను నవ్వాడు, చెయ్యూపాడు, వెళ్ళిపోయాడు.

హిందీలో కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. నాకు తెలియక కాదు, పదో తరగతిలో ఆ ప్రశ్నకి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ నా తలలో అప్పటికే పౌర్ణమి అయిపోయింది, పెద్ద నీళ్ళూ అయిపోయాయి. "నిన్న పెద్ద నీళ్ళు కదా" అని నాతో ముచ్చటగా చెప్పాడనుకున్నాను. అతను చెప్పింది రేపటి గురించి.

ఆ రాత్రంతా వాన. తెల్లారేసరికి నారు కొసలు మాత్రం కనిపిస్తున్నాయి, మిగతాదంతా నీళ్ళ కింద. ఐదు గంటలకి సముద్రం దిగి ఉంది. గొడుగేసుకుని వెళ్ళి పలక ఎత్తాను. వాననీరు బుసబుసా బయటికి పోతుంటే ఎంత ఆనందంగా చూశానో! ఏడింటికల్లా నారు సగం తేలింది. ఇంకా నీరుంది కాబట్టి పలక అలాగే వదిలేశాను.

అంతకుముందే, ఆరున్నరకే గిరిధర్ వచ్చి ఉన్నారు. ఆ రోజు ఆయనకి సెలవు. "గడప నేను తొక్కను, నువ్వు దాటి వచ్చెయ్. బండి మీద తుష్నాబాద్ దాకా వెళ్ళొద్దాం, వాన తగ్గింది" అన్నారు. పలక సంగతి చెప్పాను. కాగితం తీసి లెక్క వేశాను. నీళ్ళు పదకొండింటికి నిండుతాయి. నిన్నటికన్నా ఈ రోజు తక్కువ ఎక్కుతాయి, రేపు ఇంకా తక్కువ. కాబట్టి తూము నోటికి నీళ్ళు అందేసరికి పదిన్నర అవుతుంది. గీత గీసి చూపించాను. మా ఆయన ఆ కాగితం వంక చూసి "చేతిరాత భలే ఉంది" అన్నారు. ఫోనులో పోటు వేళలు చూడొచ్చు కదా అని మీరడగొచ్చు. నేను చూడలేదు. లెక్క వచ్చినదాన్ని కదా.

దారంతా వక్కతోటలు తడిసి మెరుస్తున్నాయి. ఒక చిన్న హోటల్లో వేడి వేడి పూరీలు తిన్నాం. పూరీ ఎందుకు పొంగుతుందో నేను చెప్తుంటే ఆయన నా పూరీ కూడా తినేశారు. తొమ్మిదింటికి ఆయనే అన్నారు, "ఇక వెళ్దామా? పలక ఉందిగా" అని.

"ఇంకా గంటన్నర ఉంది" అన్నాను నేను.

మేం తిరిగొచ్చేసరికి పది కావడానికి పది నిమిషాలు. కట్ట మలుపు తిరగగానే శబ్దం వినిపించింది. పొద్దున బయటికి పోతూ చేసిన శబ్దమే, కానీ ఇప్పుడు లోపలికి. తూము నిండా నీళ్ళు దూసుకొస్తున్నాయి. నారుమడి లేదు. అరెకరం అంతా ఒకే మట్టిరంగు నీరు, దాని మీద మడచెట్ల ఆకులు తేలుతున్నాయి. గిరిధర్ చెప్పులతోనే దూకి పలక కిందికి నొక్కారు. నేను ఆయన పక్కన చేరి నొక్కాను. పలక గాడిలో బిగుసుకుపోయింది. వచ్చే నీటి ఒత్తిడి దాన్ని పక్కకి అదుముతోంది. అదెంత బలమో లెక్క కట్టడం నాకు తెలుసు. ఇద్దరం ఎంత తొక్కినా బెత్తెడు కూడా దిగలేదు.

పదకొండున్నర దాటాక నీళ్ళు ఆగాయి. అప్పుడు పలక సులువుగా కదిలింది.

"హేమా, నేను ఇక్కడికి వచ్చినట్టు చెప్పకు. అమ్మకి తెలిస్తే ఆషాఢంలో తిరిగారు, అందుకే ఇలా అయిందంటుంది. ఇక ఆ మాట నీకు జన్మంతా ఉంటుంది" అన్నారు గిరిధర్ తడిబట్టలతో. నా మంచికే అన్నారు. నేను తలూపాను.

పెదమావయ్యకి ఫోను చేసి, పలక ఎత్తి ఉండగా పెద్ద నీళ్ళు వచ్చేశాయనీ, ఏలీయా చెప్పిన రోజు నాకు తప్పుగా అర్థమైందనీ చెప్పాను. అబద్ధం కాదు. సగం నిజం. ఆయన ఆ సాయంత్రానికే బస్సులో వచ్చేశారు. చెప్పులు విప్పి చేలోకి దిగి, కొంచెం బురద తీసి నాలిక మీద పెట్టుకున్నారు. చాలాసేపు ఉమ్మలేదు. తర్వాత ఏలీయాని పిలిచారు.

"ఏమన్నావురా అమ్మాయితో?"

"కల్ బడా పానీ అన్నాను మాస్టర్‌జీ."

"కల్ తర్వాత క్రియ ఏదీ? హై అన్నావా, థా అన్నావా, హోగా అన్నావా? థా అంటే నిన్న, హోగా అంటే రేపు. క్రియ లేకుండా కల్ అంటే ఏమని అర్థం చేసుకోవాలిరా పరాయి ఊరి పిల్ల? మూడేళ్ళు చెప్పాను నీకు నేను, బెత్తం విరిగేలా!"

నలభై ఏళ్ళ మనిషి. ముగ్గురు పిల్లల తండ్రి. తల వంచుకుని నిలబడ్డాడు. "గలతీ అయిపోయింది మాస్టర్‌జీ. రేపు అనాల్సింది. దీదీకి తెలుసు అనుకున్నాను. నా గలతీయే."

నేను గుమ్మంలోనే ఉన్నాను. బండెక్కి వెళ్ళిపోయాను పెదమావయ్యా, ఇంటి దగ్గరుంటే నీళ్ళు ఎక్కడం చూసి తొమ్మిదింటికే పలక దించేదాన్ని అని చెప్పడానికి రెండు ఊపిరులు చాలు. చెప్పలేదు.

నారు మొదట నిలబడే ఉంది. రెండో రోజుకి కొసలు ఎర్రబడ్డాయి. నాలుగో రోజుకి గడ్డిలా పడిపోయింది. విత్తనాలు మళ్ళీ తెప్పించుకున్నా ఆ మట్టిలో వెయ్యడానికి లేదు, కనీసం మూడు వానాకాలాలు కడగాలన్నారు పెదమావయ్య. కంచానికి ఎదురుగా కూర్చుని చెప్పారు ఆ మాట. ఏలీయా ఆ నాలుగు రోజులూ మా వైపు రాలేదు. కూర గిన్నె కూడా రాలేదు.

ఐదో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. జ్ఞానవతి గంజి కాస్తోంది. ఏలీయా ఇంట్లో లేడు. "పౌర్ణమి నాడు కదా సముద్రం ఎక్కువ లేవాలి, మర్నాడూ ఆపైనాడూ ఎందుకు లేస్తుంది?" అని అడిగాను. అసలు సంగతి మాట్లాడలేక అలా మొదలుపెట్టాను.

ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. అయినా గంజి పొంగి అంచు దాటింది.

"ఇదిగో దీదీ. కట్టె లాగేసినా పొంగు రాదా? డోంగీ వేసే వాళ్ళందరికీ తెలుసు, పున్నమి అయిన రెండో రోజే బడా పానీ అని. మీరు చదువుకున్నోళ్ళు గదా, మీకు చెప్పడం ఎందుకని..." మాట మధ్యలో ఆపేసి మూత వెతుక్కుంది.

మిట్టమధ్యాహ్నం కన్నా రెండు గంటలకి ఎండ ఎక్కువ ఎందుకు మాడుస్తుందో నేను నంద్యాలలో మా వీధి పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. లాగుడు తగ్గడం మొదలైనా లేచే నీరు వెంటనే తగ్గదని నాకు తట్టలేదు. పుస్తకంలో బొమ్మ ఉంది కదా, అందులో నీళ్ళకి ఆలస్యం లేదు.

ఇంటికి వచ్చి పెదమావయ్యకి మొత్తం చెప్పాను. బండి, పూరీలు, కాగితం మీద గీసిన గీత, తొమ్మిదింటికి ఆయన వెళ్దామన్నా నేను ఆపడం, అన్నీ.

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎంతసేపు తిరిగారు?"

"మూడు గంటలు."

"బాగుందా?"

దెప్పుడేమో అని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నారు.

"బాగుంది మావయ్యా" అన్నాను. అంతకన్నా ఏడుపొచ్చే మాట నేనెప్పుడూ అనలేదు.

ఆయన లేచి చొక్కా వేసుకున్నారు. వానలో, గొడుగు లేకుండా ఏలీయా ఇంటికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. ఏలీయా అప్పుడే పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "నీ తప్పు లేదురా. నలుగురూ వినేటట్టు నిన్ను అన్నాను. నలుగురూ వినేటట్టే చెప్తున్నాను, నీ తప్పు లేదు" అన్నారు పెదమావయ్య, క్లాసులో పాఠం చెప్పే గొంతుతో. నేను కూడా చెప్పాను, ఆయనంత బాగా చెప్పలేకపోయాను. ఏలీయా "ఛోడియే మాస్టర్‌జీ, హో గయా. అయిపోయింది, వదిలెయ్యండి" అన్నాడు. నా వైపు చూడకుండా, ఇద్దరికీ కుర్చీలు వేశాడు.

ఆషాఢం అయిపోయింది. అత్తగారింటికి వెళ్ళాను. గిరిధర్‌కీ నాకూ మధ్య ఇప్పుడు గడప లేదు, ఆయన ఇంకా అవే జోకులు వేస్తారు, నేను ఇంకా నవ్వుతాను. శని ఆదివారాలు సిప్పీఘాట్ వెళ్ళి తూము దగ్గర కూర్చుంటాను. వాననీరు నింపడం, వదలడం. పెదమావయ్య ఈ మధ్య చేలోకి అంతగా దిగడం లేదు, మోకాళ్ళు నొప్పులంటారు.

ఏలీయా వస్తాడు. నన్ను దీదీ అనడు. సైకిల్ దిగి, కంచె దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చెప్తాడు: "మేడమ్, రేపు ఆదివారం. రేపు పొద్దున పది గంటలకి నీళ్ళు ఎక్కువగా వస్తాయి. ఎనిమిదికి పలక దించాలి." మధ్యలో హిందీ ఉండదు. వేళాకోళం ఉండదు. ప్రతి వాక్యానికీ క్రియ ఉంటుంది.

సరే అంటాను. అతను కదలడు. నేను ఆ మాటలు మళ్ళీ ఒకసారి అప్పజెప్పేదాకా అక్కడే నిలబడతాడు.